మూత లేని చిప్

ఫిబ్రవరి 3

చిప్ వచ్చింది. మా రీసెర్చ్ విద్యార్థిని పిచ్చుక పెట్టె విప్పింది. ప్రొఫెసర్ గారు కళ్లజోడు నుదుటి మీదికి నెట్టుకుని, వంగి చూసి, "ఇంతేనా" అన్నారు. ప్రతి చిప్‌కీ అదే మాట అంటారు. అతను కాస్త ఆలస్యంగా వచ్చి తలుపు దగ్గరే నిలబడ్డాడు. నేను పక్కకి జరిగి చోటిచ్చాను. థాంక్స్ అన్నాడు.

పెళ్లయిన ఇన్నేళ్లలో అతను నాకు థాంక్స్ చెప్పిన గుర్తు లేదు.

దీన్ని తయారీకి పంపిన రోజున ఇద్దరం ఒకే బస్సెక్కి ఇంటికి వెళ్లాం. ఇప్పుడు అతను గెస్ట్ హౌస్‌లో ఉంటున్నాడు. చిప్ తిరిగి వచ్చేలోపు ఇంట్లో ఇది జరిగింది. రాసి పెట్టుకుంటున్నానంతే.

బోర్డు మీద బిగించి పవర్ ఇచ్చాం. పొగ రాలేదు. పిచ్చుక చప్పట్లు కొట్టింది.

ఫిబ్రవరి 4

ప్రొఫెసర్ గారు పని పంచారు. పొద్దున పూట పిచ్చుక సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది. మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా నేనూ అతనూ కూర్చుని కొలతలు తియ్యాలి. చిప్‌లో సగం నాది, సగం అతనిది కాబట్టి ఇంకో దారి లేదు. నాకేమీ అభ్యంతరం లేదు. అతనికీ ఉండదనుకుంటాను.

ఫిబ్రవరి 6

పని చెయ్యడం లేదు.

చేతిరాత అంకెల బొమ్మలు చూపిస్తే అది ఏ అంకో చెప్పాలి. కంప్యూటర్‌లో నమూనా నడిపినప్పుడు వందకి తొంభై ఆరు సరిగ్గా చెప్పింది. అసలు చిప్ యాభై దాటడం లేదు. మూడుని ఎనిమిదంటుంది, ఏడుని ఒకటంటుంది. ఒకే బొమ్మని రెండుసార్లు చూపిస్తే రెండు జవాబులు చెప్తుంది.

"నీ వైపా, నా వైపా?" అన్నాడు అతను.

చూద్దాం అన్నాను. ఈ పూటకి మా ఇద్దరి మధ్యా నడిచిన మాటలు అవే.

ఫిబ్రవరి 7

అత్తయ్య ఇవాళ వాకర్ లేకుండా వంటింటి దాకా నడిచింది.

మోకాలి ఆపరేషన్ కోసం మా దగ్గరికి వచ్చింది. ఆపరేషనైన వారానికి కొడుకు సూట్‌కేసు సర్దుకున్నాడు. ఆవిడ మందుల డబ్బా ఒళ్లో పెట్టుకుని సోఫాలోంచి అంతా చూసింది. "అమ్మా, నీకూ ఎక్కడైనా గది చూస్తాను" అంటే, "నువ్వు ఎక్కడికి వెళ్తావో వెళ్లు. ఫిజియో ఈ ఇంటికి వస్తాడు. లిఫ్టు ఈ ఇంటికుంది. నేనెందుకు కదలాలి?" అంది. తర్వాత నా వైపు తిరిగి, నీకేమైనా ఇబ్బందా అని అడిగింది. లేదన్నాను. నిజంగానే లేదు. అలా మొగుడు బయట, అత్తగారు ఇంట్లో. పిచ్చుకకి చెప్తే నవ్వాపుకోలేక బల్ల మీద తల పెట్టేసింది.

ఇవాళ అత్తయ్య చిప్ గురించి అడిగింది. మీరిద్దరూ ఇన్నాళ్లూ తలుపులేసుకుని చేసిందేమిటని. మామూలు కంప్యూటర్లో సంఖ్యలు ఒకచోట ఉంటాయి, లెక్క ఇంకోచోట జరుగుతుంది, అటూ ఇటూ మొయ్యడానికే కరెంటంతా ఖర్చవుతుంది అని చెప్పాను. మా చిప్‌లో దాచిన చోటే లెక్క జరిగిపోతుంది. దాచుకుని లెక్క కట్టే భాగం నాది. ఆ లెక్కని అంకెల్లోకి మార్చి బయటికి చెప్పే భాగం అతనిది.

"చెప్పే భాగం వాడికిచ్చారా?" అంది అత్తయ్య. "చిన్నప్పుడు కడుపునొప్పొస్తే కూడా వాడు చెప్పేవాడు కాదు. ముఖం చూసి మేం కనిపెట్టాల్సొచ్చేది."

అది ఇంకా పని చెయ్యడం లేదన్నాను.

"అంటే ఇంత చదువూ చదివి చివరికి చేతికి చిప్ప వచ్చిందన్నమాట" అంది. తన మాటకి తనే చాలాసేపు నవ్వుకుంది.

ఫిబ్రవరి 11

అతని భాగాన్ని విడిగా పరీక్షించాం. బాగానే ఉంది. నా భాగాన్ని విడిగా పరీక్షించాం. ఒకసారి బాగుంది, ఒకసారి లేదు. ఎక్కడో కరెంటు కారిపోతోంది. ఎక్కడన్నది వెతకాలి. బోర్డు మీద బొమ్మ గీసి, చెరిపి, మళ్లీ గీసి మధ్యాహ్నమంతా వాదించుకున్నాం. అతను మార్కర్ మూత నోట్లో పెట్టుకుని ఆలోచించడం మానలేదు. టీ తెచ్చాడు. నాకు చక్కెర వెయ్యలేదు.

ఇది తప్పు వెతకడమే. ఇంకేమీ కాదు.

ఫిబ్రవరి 12

సాయంత్రం ఎండ పోయాక తీసిన కొలతలు కొంచెం నయంగా వచ్చాయి. ఎందుకో చూడాలి.

ఫిబ్రవరి 15

అత్తయ్య కారణం అడిగింది. ఫిజియో వెళ్లిపోయాక కాలు స్టూలు మీద చాపుకుని, "వాడు నీ మీద చెయ్యి చేసుకున్నాడా?" అంది. లేదన్నాను. వాడికి గానీ నీకు గానీ ఇంకెవరైనా ఉన్నారా అంది. లేరన్నాను.

"మరి?"

జరిగిందేదో ఇక్కడ రాస్తాను. చిప్ పంపేదాకా మా ఇంట్లో మాటలకి కరువు లేదు. పళ్లు తోముకుంటూ కూడా మాట్లాడుకునేవాళ్లం. ఈ తీగ ఎటు నుంచి లాగాలి, ఆ మూల చోటు సరిపోతుందా, గడువులోపల అవుతుందా. పంపేసిన మర్నాడు ఆదివారం. లేచి ఎదురెదురుగా కూర్చున్నాం. అతను పేపరు చదివాడు. నేను కిటికీ అద్దాలు తుడిచాను. భోజనం దగ్గర ఉప్పు అందించమన్నాడు. ఆ వారమంతా అలాగే గడిచింది. తర్వాతి వారాలు కూడా. మధ్యలో అత్తయ్య ఆపరేషన్ వచ్చినప్పుడు కాస్త నయం. ఆసుపత్రి గురించి మాట్లాడుకున్నాం. ఆవిడ ఇంటికొచ్చేసరికి అదీ అయిపోయింది.

రీసెర్చ్ పేపరొకటి రాసుకోవాలి, నిశ్శబ్దంగా ఉండే చోటు కావాలి, కొన్నాళ్లు గెస్ట్ హౌస్‌లో ఉంటానన్నాడు. మా ఇంటికంటే నిశ్శబ్దమైన చోటు ఈ ఊళ్లో లేదు. నేనా మాట అనలేదు. అతని సూట్‌కేసు చక్రం ఊడిపోయి ఉంది. నాది తీసుకెళ్లమన్నాను.

ఇదంతా అత్తయ్యకి ఎలా చెప్పాలి? తెలీదత్తయ్యా అన్నాను. ఆవిడ నా ముఖం చూసి ఊరుకుంది.

ఫిబ్రవరి 19

పొద్దుటి నుంచీ మబ్బు. డెబ్భై ఎనిమిది వచ్చింది. అతను స్క్రీన్ వైపు చూశాడు, నేను నా నోట్సు వైపు చూశాను.

చిప్‌కి మూత లేదు. అవసరమైతే లోపల సూదులతో తాకి చూడొచ్చని మేమే మూత వద్దన్నాం. సిలికాన్ మీద వెలుతురు పడితే దాచిన విద్యుదావేశం కారిపోతుంది. ఇది చదువు మొదటి రోజుల్లో నేర్పే సంగతి. మా కిటికీ పడమటి వైపుంది. కాబట్టి అది కూడా ఒక అవకాశమే. కానీ ఎండ ఉంటే గది వేడెక్కుతుంది కూడా. ముందు వేడి సంగతి తేల్చుకోవాలి. ఒక్కొక్కటే చూసుకుంటూ పోవడమే పద్ధతి.

అతనికి వేడి గురించి చెప్పాను. అదే అయ్యుంటుందన్నాడు. వెంటనే ఒప్పుకున్నాడు.

ఫిబ్రవరి 20

బోర్డు కింద చిన్న హీటరు పలక పెట్టాం. కొలతలు మొదలు.

ఫిబ్రవరి 24

హీటరు కొలతలు. పెద్ద తేడా లేదు. ఇంకా ఎక్కువ వేడి దగ్గర చూడాలి.

ప్రొఫెసర్ గారు వచ్చి, అదేదో వేడిపెట్టెలోనే పెట్టి తలుపు మూసి చూడొచ్చు కదా అన్నారు. అది పక్క ల్యాబ్ వాళ్లది, ఇప్పుడు ఖాళీ లేదన్నాను. అతను కూడా, అవును సార్, ఖాళీ లేదు అన్నాడు. ఖాళీ ఉందో లేదో రేపు కనుక్కోవాలి.

ఫిబ్రవరి 27

ఇద్దరం క్యాంటీన్‌లో భోంచేశాం. అతను టిష్యూ కాగితం మీద నా భాగంలో మొదటి వరస గీసి, కారడం ఇక్కడేమో అన్నాడు. కాదని నాకు తెలుసు. ఎందుకు కాదో వివరంగా చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. మంచి చర్చ.

మార్చి 2

పిచ్చుక గురించి ఇప్పటిదాకా సరిగ్గా రాయలేదు. అసలు పేరు వేరే ఉంది. గెంతినట్టు నడుస్తుంది, గబగబా మాట్లాడుతుంది, అందుకని అతనే ఆ పేరు పెట్టాడు. ఆ అమ్మాయి థీసిస్‌లో చివరి అధ్యాయం ఈ చిప్ మీదే. ఏప్రిల్లో సమీక్ష కమిటీ వస్తుంది. అప్పటికి చిప్ పని చెయ్యకపోతే ప్రాజెక్టు మూసేస్తారని, తన అధ్యాయం పక్కన పెట్టి వేరే పని మొదలుపెట్టాల్సి ఉంటుందని ప్రొఫెసర్ గారు ఇవాళ అందరి ముందూ చెప్పారు. అంటే ఇంకో ఏడాది. పిచ్చుక సరే సార్ అని బయటికి వెళ్లింది. తిరిగొచ్చినప్పుడు ముఖం కడుక్కుని ఉంది.

నాతో, "పర్లేదు మేడం, మీరూ సారూ ఉన్నారుగా. కనిపెట్టేస్తారు" అంది.

మార్చి 3

వెలుతురు సంగతి రేపు చెప్పాలి.

మార్చి 4

చెప్పలేదు. హీటరు కొలతలు మధ్యలో ఉన్నాయి.

మార్చి 5

ఎండ ఎక్కువగా ఉంది. నలభై నాలుగు. అతను ఏదో జోకు వేశాడు, ఇద్దరం నవ్వాం. జోకు గుర్తులేదు.

మార్చి 12

పొద్దున నేను వెళ్లేసరికి పిచ్చుక బల్ల దగ్గర కూర్చుని ఉంది. బోర్డు మీద చెప్పుల అట్టపెట్టె బోర్లించి ఉంది. అతను కూడా అప్పుడే వచ్చాడు. పిచ్చుక లేవలేదు, గెంతలేదు. స్క్రీన్ మా వైపు తిప్పింది. తొంభై నాలుగు. మళ్లీ నడిపింది. తొంభై నాలుగు. పెట్టె తీసి, టేబుల్ లైటు చిప్ మీదికి వంచి నడిపింది. నలభై ఒకటి.

"వెలుతురు" అంది. "మూత లేదు కదా. అంతే."

అతను గొంతు సవరించుకుని, మాకు తట్టనే లేదు, శభాష్ అన్నాడు.

పిచ్చుక అతన్నే చూస్తూ, "పోయిన నెల ఒకరోజు నేను బ్యాగు కోసం వెనక్కొచ్చాను సర్. మీరొక్కరే ఉన్నారు. కిటికీ తెర వేసి చిప్ నడుపుతున్నారు. నన్ను చూసి తెర తీసేశారు. ఎందుకా అని అప్పుడు నాకు అర్థం కాలేదు" అంది.

తర్వాత నా వైపు చూసింది. నన్ను ఏమీ అడగలేదు. అడగాల్సిన పని లేదు. నా ముఖం ఎలా ఉందో నాకు తెలుస్తూనే ఉంది.

మెట్ల దగ్గర అతన్ని ఆపాను.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"మొదటివారంలోనే అనుమానం వచ్చింది. నీకు?"

"మబ్బు పట్టిన రోజు. చెప్పలేదేం?"

"నువ్వు చెప్పలేదేం?"

ఎవరో మెట్లెక్కుతూ వస్తుంటే గోడ వైపు జరిగాం. వాళ్లు వెళ్లిపోయాక అతను, "పని అయిపోతే మళ్లీ..." అని ఆగిపోయాడు. మిగతాది నేను పూరించలేదు. ఆ అమ్మాయికి నెల రోజులు పోయాయి అన్నాను. తెలుసన్నాడు.

మార్చి 13

పిచ్చుకకి క్షమాపణ చెప్పాను. ఎందుకలా చేశామో చెప్పబోతుంటే ఆపేసింది.

"కారణం నాకొద్దు మేడం. నా అధ్యాయానికి కావలసిన కొలతలన్నీ మీరిద్దరూ కూర్చుని తీసివ్వండి. సమీక్షకి ముందే."

అతనికీ ఇదే మాట చెప్పిందట. ఇద్దరం సరేనన్నాం. మా జీవితంలో మాకు గైడ్లుగా పనిచేసిన వాళ్లెవరూ ఇంత స్పష్టంగా పని చెప్పలేదు.

మార్చి 14

అత్తయ్యకి మొత్తం చెప్పాను. చిప్ గురించి మొదలుపెట్టి అన్నీ చెప్పాను, ఆ ఆదివారం గురించి కూడా. మోకాలు నిమురుకుంటూ అంతా వింది. "ఇద్దరూ ఇద్దరే" అంది. మళ్లీ కాసేపటికి, "ఆ పిల్ల గట్టిది" అంది.

మార్చి 21

నల్లటి మూత బిగించాం. కొలతలు వరసగా సాగుతున్నాయి. చిప్ బాగుంది. నిజానికి చాలా బాగుంది. మాట్లాడుకోవాల్సిన అవసరం పెద్దగా రావడం లేదు.

మార్చి 29

కొలతలు పూర్తి. పిచ్చుకకి ఇచ్చాం. ఒక్కొక్క పట్టిక చూసి, రెండు చోట్ల మళ్లీ తియ్యమంది. తీశాం.

ఏప్రిల్ 6

సమీక్ష అయింది. కమిటీలో ఒకాయన, మొదట్లో ఎందుకు పని చెయ్యలేదని అడిగాడు. పిచ్చుక మా వైపు చూడకుండా, "వెలుతురు పడింది సర్. గమనించడం ఆలస్యమైంది" అంది. అంతకుమించి చెప్పలేదు. ప్రాజెక్టు కొనసాగుతుంది. ప్రొఫెసర్ గారు కేకు తెప్పించారు. కేకు ముక్క ప్లేట్లో పెట్టి నా చేతికిస్తూ పిచ్చుక మామూలుగా నవ్వింది. పూర్తిగా మామూలుగా కాదు.

అతను కేకు తినకుండానే వెళ్లిపోయాడు.

ఏప్రిల్ 9

ల్యాబ్‌కి వెళ్లాను. అతని బల్ల ఖాళీగా ఉంది. సెలవేమో. నన్నెవరూ అడగలేదు, నేనెవరినీ అడగలేదు. నా పని నేను చేసుకున్నాను.

ఏప్రిల్ 10

అత్తయ్య ఇక కూతురి దగ్గరికి వెళ్తానంటోంది. కాలు బాగైంది, లిఫ్టు లేకపోయినా ఎక్కగలనంటోంది. ఉండమన్నాను. ఆపరేషన్ వంక అయిపోయింది కదమ్మా అంది.

ఏప్రిల్ 14

చాలా రాయాలి. వరసగా రాస్తాను.

అత్తయ్యని రైలెక్కించడానికి అతను వచ్చాడు. ఇద్దరం చెరో సంచీ పట్టుకున్నాం. ఆవిడ మధ్యలో కర్ర పట్టుకుని మా ఇద్దరికంటే చురుగ్గా నడిచింది. సీట్లో కూర్చున్నాక కొడుకుతో వేళకి తినమంది. నన్ను దగ్గరికి పిలిచి, "వాడితో సంబంధం లేదు. నువ్వు ఎప్పుడు కావాలంటే అప్పుడు మా అమ్మాయింటికి రా. మీ వదిన నీకోసం చూస్తుంటుంది" అంది. రైలు కదిలాక కిటికీలోంచి చెయ్యి ఊపింది. ఎవరికో తెలీదు, ఇద్దరం ఊపాం.

స్టేషన్ బయట బస్టాపు దాకా కలిసి నడిచాం. సాయంత్రం, రద్దీగా ఉంది. బస్సు కోసం నిలబడ్డాక అతను, "రాజీనామా ఇచ్చాను" అన్నాడు.

ఎక్కడికి అన్నాను. చిన్న కాలేజీలో లెక్కలు చెప్తాడట. మొదటి సంవత్సరం పిల్లలకి. రీసెర్చ్ ఉండదు, చిప్‌లు ఉండవు.

ఎందుకన్నాను.

"నాకిది ఇష్టం లేదు. ఎప్పుడూ పెద్దగా లేదు."

నేను విన్నది సరిగ్గా విన్నానా అనుకున్నాను. ఎప్పటినుంచి అంటే, మన రెండో చిప్ నుంచి అన్నాడు. మరి ఇన్నేళ్లూ ఎందుకు చేశావన్నాను.

"నువ్వు చేస్తున్నావని."

ఇలాంటి మాట వింటే మనసు కరగాలేమో. నాకు ఒళ్లు మండింది.

"నా మీద పెట్టకు" అన్నాను. "నేను చెయ్యమన్నానా? ఇష్టం లేదని ఒక్కసారైనా చెప్పావా?"

"నువ్వు ఒక్కసారైనా అడిగావా?"

ఇక అక్కడి నుంచి వరస గుర్తులేదు. నా బస్సొచ్చింది, వెళ్లిపోయింది. నా గొంతు పెరిగింది, అతని గొంతూ పెరిగింది. అతని గొంతు అంత పైకి వెళ్తుందని నాకు తెలీదు. ఇంటికొచ్చి బ్యాగు విప్పకముందే ల్యాబ్ సంగతి ఎత్తేదాన్నని, అతను వండిన కూర ఎలా ఉందో ఏనాడూ చెప్పలేదని, ప్రొఫెసర్ గారి ముందు అతని వాక్యాలు నేనే పూర్తి చేసేదాన్నని అన్నాడు. పూర్తి చెయ్యకపోతే నువ్వు సగంలో ఆపేస్తావు కాబట్టి అన్నాను. తల్లి కాలు కదపలేని వారంలో పెట్టె సర్దుకుపోయినవాడికి కూర గురించి మాట్లాడే హక్కు లేదన్నాను. సూట్‌కేసు ఇచ్చి మరీ పంపించింది నువ్వే కదా అన్నాడు. ఉండమంటావేమోనని తలుపు దగ్గర చక్రం చూస్తున్నట్టు చాలాసేపు వంగి నిలబడ్డానన్నాడు.

అది నాకు తెలీదు. తెలీదని అన్నాను. ఉండాలనుంటే చెప్పాలి గానీ చక్రాలు చూస్తే నాకెలా తెలుస్తుందని కూడా అన్నాను. బెంచీ మీద కూర్చున్న ముసలాయన లేచి అవతలికి వెళ్లి నిలబడ్డాడు.

ఆ ఆదివారం గురించి అడిగాను. నోరు విప్పి ఒక్క మాట అనుంటే ఏం పోయేదన్నాను. మాట్లాడేందుకు ఏమీ లేక కాదు, ఇష్టం లేదన్న సంగతి ఒక్కటే నోటిదాకా వస్తోంది, అది చెప్తే నన్ను పోగొట్టుకుంటానని భయమేసిందన్నాడు. అంతకన్నా ఇది బాగుందా అన్నాను. లేదన్నాడు.

ఇంకో బస్సు వచ్చింది. అదీ ఎక్కలేదు. పిచ్చుక సంగతి వచ్చింది. దాని దగ్గర మాత్రం ఇద్దరం ఒకరినొకరు ఏమీ అనలేకపోయాం.

వీధి దీపాలు వెలిగేసరికి నా గొంతు జీరపోయింది. ఇంకా అయిపోలేదన్నాను.

"నాకూ ఉన్నాయి" అన్నాడు.

"రేపు ఇంటికి రా."

"ఎప్పుడు?"

"పొద్దున్నే."

చెరో బస్సూ ఎక్కాం.

ఏప్రిల్ 15

పొద్దున్నే వచ్చాడు. ఇవాళ రాయడానికి తీరిక లేదు.